కరపత్రాల్లో 'నేను' ఎవరు?

ఈ మధ్య మా కాలనీలో ఒకమ్మాయికి ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. స్వీట్లు పట్టుకుని మా ఇంటికి వచ్చి, "మేడం, మీరు ఇదే పని చాలాకాలం చేశారు గదా, ఏమైనా చెప్పండి" అంది. ఆ పూటకి ఏదో చెప్పి పంపించాను. ఆ ముఖంలో వెలుగు చూశాక ఉన్నదున్నట్టు చెప్పబుద్ధి కాలేదు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. స్వీట్లు ఎదురుగా లేనప్పుడు నిజం రాయడం తేలిక.

నేను తొంభైల మొదట్లో బెజవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరి, రెండువేల దశకం చివర్లో బయటపడ్డాను. కాలేజీ పేరు చెప్పను. నా జీతం, ఇంక్రిమెంట్లు, సీనియారిటీ గొడవలు కూడా చెప్పను. వాటితో ఎవరికీ పని లేదు, నాకే లేదు. ఈ ఉద్యోగంలో నాకు నిజంగా తెలిసొచ్చింది ఒకటే విషయం. కథ ఎవరు చెబుతున్నారు, ఎవరి కళ్లతో చూసి చెబుతున్నారు అన్నది. దాన్ని నేను పుస్తకాల్లో నేర్చుకున్న దానికన్నా మా కాలేజీ పబ్లిసిటీ ఆఫీసులో నేర్చుకున్నది ఎక్కువ.

రెస్టు పీరియడ్

చేరిన రోజే ప్రిన్సిపాల్ గారు నన్ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, "మేడం, మీ సబ్జెక్టు మాకు చాలా ముఖ్యం. పిల్లలు రెస్టు తీసుకునేది అందులోనే" అన్నారు. వెటకారం కాదు. మనస్ఫూర్తిగా అన్నారు. మర్నాటి నుంచే ఫిజిక్సు వాళ్లకి స్లిప్ టెస్టు ఉన్నప్పుడల్లా నా పీరియడ్ తీసుకునేవారు. తిరిగి ఇచ్చిన పాపాన పోలేదు.

రెండో భాషగా సంస్కృతం తీసుకుంటే మార్కులు ధారాళంగా వస్తాయని, పుట్టి బుద్ధెరిగి తెలుగు తప్ప మాట్లాడని పిల్లలందర్నీ అటు తోలేవారు. అక్కడ కొన్ని జవాబులు తెలుగులో రాసినా మార్కులు పడతాయి. తెలుగులో రాసి మార్కులు తెచ్చుకోవాలంటే సంస్కృతం తీసుకోవాలన్నమాట. ఆ వల తప్పించుకుని మిగిలినవాళ్లు నా దగ్గరికి వచ్చేవారు. కొందరు ఆలస్యంగా చేరినవాళ్లు, కొందరు మొండివాళ్లు, ఒకరిద్దరు నిజంగానే తెలుగంటే ఇష్టమున్నవాళ్లు. వాళ్లకీ నాకూ కలిపి మెస్ పక్కన ఒక రేకుల గది ఇచ్చారు. నేను పద్యం చదువుతుంటే అవతల పోపు వేసేవారు. వాళ్ల శ్రద్ధ ఎటు పోయేదో చెప్పక్కర్లేదు.

అన్నీ తెలిసిన రామకోటయ్య గారు

మా తెలుగు శాఖకు హెడ్ రామకోటయ్య గారు. పాఠం చెప్పడమంటే ఆయన దృష్టిలో గైడులోది బోర్డు మీదికి ఎక్కించడం. ఆ గైడులో ఒక మార్కు ప్రశ్న ఉండేది. 'నేను' అని సాగే కథ అనగానేమి? జవాబు, రచయిత తన కథను తానే చెప్పుకొనుట.

ఇది తప్పు. కథలో హంతకుడు 'నేనే చంపాను' అంటే పోలీసులు రచయిత ఇంటికి వెళ్లాలి మరి. కథలో 'నేను' అనేవాడు రచయిత తయారుచేసిన మనిషి. వాడికి కొన్ని తెలుసు, కొన్ని తెలియవు, కొన్ని తెలిసీ దాస్తాడు. కాబట్టి కథ చదివేటప్పుడు ఎవరు చెబుతున్నారు, ఆ చెప్పేవాడికి తెలియనిది ఏమిటి అని చూసుకోవాలి. నేను క్లాసులో ఇట్లా చెబుతున్నానని రామకోటయ్య గారికి తెలిసి పిలిపించారు.

"కథకుడు దేవుడి లాంటివాడమ్మా. అందరి మనసుల్లో ఉన్నదీ ఆయనకి తెలుసు. పిల్లల్ని కంగారు పెట్టబాకు" అన్నారు.

ఆయనది నిజంగానే ఆ పద్ధతి. స్టాఫ్‌రూంలో కూర్చుని ఎవరి మనసులో ఏముందో చెప్పేవారు. ఒకరోజు కెమిస్ట్రీ ఆయన పలక్కుండా కూర్చుంటే, "చూశారా, ఉద్యోగం మానేద్దామని లోపల్లోపల కుమిలిపోతున్నాడు" అన్నారు. ఆ మనిషికి పన్ను నొప్పి. ఇట్లా అందరి అంతరంగాలూ చదివిన ఆయనకి, తనను హెడ్ పదవి నుంచి తీసేస్తున్నారన్న సంగతి మాత్రం చివరిదాకా తెలియలేదు. ఆ గదిలో తెలియనివాడు ఆయనొక్కడే. అన్నీ తెలిసిన కథకుడితో వచ్చే ఇబ్బంది పిల్లలకి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవారు.

సాంబారు గంగాళం

ఒకరోజు మధ్యాహ్నం మెస్‌లో సాంబారు గంగాళం బోర్లాపడింది. వంటమనిషి చేయి కాలింది. పిల్లలు ఎగిరి బెంచీలెక్కారు, వార్డెన్ అందర్నీ తిట్టాడు. మర్నాడు క్లాసులో పాఠం పక్కన పెట్టి, జరిగింది అక్కడున్న ఎవరో ఒకరి నోటితో చెప్పమన్నాను.

చాలామంది వంటమనిషిని ఎంచుకున్నారు. చదవలేక చచ్చాను. 'నేను పేదవాడిని, నా కన్నీళ్లే ఈ సాంబారులో ఉప్పు' అని ఒకడు రాశాడు. చేయి కాలినవాడు ముందు చేయి గురించి మాట్లాడతాడురా నాయనా, ఉప్పు సంగతి తర్వాత అన్నాను. జాలిపడటం వేరు, ఒకరి కళ్లతో చూడటం వేరు. మనవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. పెద్ద రచయితలమని చెప్పుకునేవాళ్లు కూడా.

షమీమ్ అనే అమ్మాయి మాత్రం వార్డెన్ నోటితో రాసింది. కాలేజీ మొత్తం తిట్టుకునే మనిషి అతను. షమీమ్ వాళ్లది వన్ టౌన్. హాస్టల్లో ఉండకుండా రోజూ ఇంటి నుంచే వచ్చి, మధ్యాహ్నం మాత్రం మెస్‌లో తినేది. నాన్న మస్తాన్ గారు పరుపులు కుడతాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. సంస్కృతం తీసుకోమని ప్రిన్సిపాల్ గారు ఎంత చెప్పినా వినకుండా, "ఇంట్లో మాట్లాడేది ఇదే గదండీ" అని నా రేకుల గదికి వచ్చిన పిల్ల. వేలెడంత గొంతు, కొండంత మొండితనం.

'మెస్ లైను చెడిపోయింది. లైను చెడిపోతే రేపు ఆఫీసులో నన్ను అడుగుతారు' అని మొదలుపెట్టింది. అంతవరకూ బాగుంది. తర్వాత, 'వంటమనిషి చేయి కాలడం చూసి కూడా నేను పట్టించుకోలేదు' అని రాసింది. దాని కింద గీత గీశాను.

"వార్డెన్ కుర్చీ ఎక్కడుంటుంది?"

"తలుపు దగ్గర మేడం."

"గంగాళం?"

"లోపల. స్తంభం వెనక."

"మరి చేయి కాలడం ఎట్లా చూశాడు?"

"చూడకపోతే ఆయన చెడ్డవాడు ఎట్లా అవుతాడు మేడం?" అంది ఆ పిల్ల.

"ఆయన్ని చెడ్డవాణ్ణి చెయ్యాలన్నది నీ గొడవ. ఆయన గొడవ లైను" అన్నాను.

మర్నాడు ఆ వాక్యం కొట్టేసి తెచ్చింది. అది పోయాక వార్డెన్ నిజంగా వార్డెన్‌లాగా కనపడ్డాడు. తన ఉద్యోగం పోతుందేమోనని హడలిపోతూ పిల్లల మీద అరిచే మనిషి. చదువుతుంటే నవ్వొచ్చింది, కొంచెం భయమూ వేసింది. నా ఉద్యోగం మొత్తంలో నేను దిద్దిన కాగితాల్లో బాగా గుర్తున్నది అదే.

వేసవి సాహిత్యం

ఇక అసలు ఉద్యోగం సంగతి. తెలుగు లెక్చరర్‌తో కాలేజీకి పని పడేది ఎండాకాలంలో, ఎంసెట్ ఫలితాలు వచ్చాక. అప్పుడు పబ్లిసిటీ ఆఫీసు నుంచి కబురొచ్చేది. అక్కడ పీఆర్వో ప్రసాద్ గారు, ఛైర్మన్ గారి బావమరిది. మనిషి మర్యాదస్తుడే. కుర్చీ వేసి, కూల్ డ్రింకు ఇచ్చి, ర్యాంకర్ల ఫొటోలు నా ముందు పేర్చి, "కానివ్వండి మేడం" అనేవాడు.

ఆ ఫొటోల కింద 'నా విజయ రహస్యం' అని ఆ పిల్లలు చెప్పినట్టుగా నేను రాయాలి. పిల్లల్ని అడగడమనేది లేదు. వాళ్లు అప్పటికే సొంతూళ్లకి వెళ్లి హాయిగా నిద్రపోతూ ఉండేవారు. కరపత్రంలో మాత్రం ఒక్కడూ నిద్రపోడు. అందరూ తెల్లారకముందే లేస్తారు. అందరికీ లెక్కలంటే ప్రాణం. అందరూ ఛైర్మన్ గారి ఉపన్యాసం విన్నాకే జీవితమంటే ఏమిటో తెలుసుకుంటారు. మైలవరం పిల్లాడూ, బందరు పిల్లాడూ, హనుమాన్ జంక్షన్ లారీ ఓనరు కొడుకూ ఒకే గొంతుతో 'నేను' అంటారు. ఆ గొంతు నాది. ఇంకా చెప్పాలంటే ప్రసాద్ గారిది. నేను సన్యాసిని కాదు, ఆ కూల్ డ్రింకూ తాగాను, ఆ రాతలూ రాశాను.

ఒక ఏడాది ప్రెస్‌లో ఇద్దరు ర్యాంకర్ల మాటలు తారుమారయ్యాయి. గుడివాడ దగ్గర్నుంచి వచ్చిన ఒక కుర్రాడి ఫొటో కింద, 'రెండు జడలు వేసుకునే సమయం కూడా ఆదా చేసి ఫిజిక్సు చదివాను' అని అచ్చయింది. అప్పటికే కరపత్రాలు ఊళ్లన్నీ తిరిగాయి. పాపం ఆ పిల్లాణ్ణి వాళ్లూళ్లో చాలాకాలం జడల డాక్టరు అనేవారట. నేను వెళ్లి ప్రసాద్ గారికి చూపిస్తే, ఆయన తాపీగా, "ఫొటో కరెక్టే గదా మేడం, ర్యాంకూ కరెక్టే. మధ్యలోది ఎవరు చదువుతారు?" అన్నారు.

ఎవరూ చదవరని ఆయన నమ్మకం. అయినా అందులో ఒక కథ ఉండాలని పట్టుబట్టేవారు. కథ అంటే ఒక దుర్మార్గుడు ఉండాలి. ఎదురు కాలేజీని దుర్మార్గుణ్ణి చేద్దామంటే లాయర్ నోటీసు వస్తుంది. ప్రభుత్వాన్ని చేస్తే గుర్తింపు పోతుంది. దేవుణ్ణి చేస్తే కొబ్బరికాయలు కొట్టే ఛైర్మన్ గారికి కోపమొస్తుంది. ఇక నోరెత్తనివాడు, నోటీసు ఇవ్వనివాడు మిగిలేది పిల్లల తండ్రి. అందుకని మా కరపత్రాల్లో తండ్రులు తాగేవారు, తిట్టేవారు, చదువు మానిపించబోయేవారు. సరిగ్గా ఆ సమయానికి ఛైర్మన్ గారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవారు.

దూదిలో పుస్తకాలు

షమీమ్‌కి మెడిసిన్‌లో మంచి ర్యాంకు వచ్చింది. మా కాలేజీలో ఆ ఏడాది అంతకన్నా మంచిది ఎవరికీ రాలేదు. ఆ అమ్మాయి గురించి మటుకు నేను ఉన్నది ఉన్నట్టు నాలుగు ముక్కలు రాసిచ్చాను. నాన్న రోజూ మోపెడ్ మీద తెచ్చి దించడం, దుకాణంలో దూది బస్తాల మధ్య కూర్చుని చదువుకోవడం, అంతే. ప్రసాద్ గారు చదివి, "ఇందులో ఫీలింగ్ లేదు మేడం" అన్నారు. ఆ ఫీలింగేదో ఆయనే కలిపారు.

అచ్చయ్యాక చూశాను. షమీమ్ ఫొటో కింద ఇట్లా ఉంది. 'ఆడపిల్లకు చదువెందుకని నాన్న నా పుస్తకాలు పరుపుల దూదిలో దాచేశాడు. నేను ఏడ్చాను. ఛైర్మన్ గారు స్వయంగా మా ఇంటికి వచ్చి నాన్నకు నచ్చజెప్పారు. ఈ ర్యాంకు వారి పాదాలకు అంకితం.'

రెండు రోజులకి మస్తాన్ గారు స్టాఫ్‌రూంకి వచ్చాడు. చొక్కా మీద ఇంకా దూది పీచులున్నాయి. జేబులోంచి మడిచిన కరపత్రం తీశాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేడం, ఇది మీరు రాశారా అండీ?"

"కొంత నేను రాసిందే. మీ గురించి ఉన్నది నేను రాయలేదు."

"ఎవరు రాస్తే ఏంలెండి. నేను చదివించనన్నానని ఎవరో అంటే మా బజార్లో పోట్లాడేవాణ్ణి. ఇక్కడ మా అమ్మాయే అన్నట్టు ఉంది. కూతురు చెప్పినాక నేను కాదంటే ఎవరు నమ్ముతారండీ? మా బావమరిది దుకాణానికొచ్చి అందరి ముందూ అడిగాడు, 'ఏం బావా, పుస్తకాలు దాచావంటగా' అని. ఇంట్లో ఇంకా ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. వాళ్లు కూడా నా వంక అదోలా చూస్తన్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. చదువుకున్నవాళ్లం, సున్నితమైన మాటలు నేర్చినవాళ్లం కలిసి ఒక మనిషి పరువు ఆయన సొంత వీధిలోనే తీశాం. అది కూడా ఆయన కూతురి నోటితో.

ఆయన్ని వెంటబెట్టుకుని ప్రసాద్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మస్తాన్ గారికీ కుర్చీ వేశాడు, ఆయనకీ కూల్ డ్రింకు తెప్పించాడు. "పెద్దాయనా, దీనివల్ల నీకు ఎంత పేరొచ్చిందో నీకు తెలవదు. మారిన తండ్రివి నువ్వు" అన్నాడు.

"నేను మారలేదండీ. ముందునుంచీ ఇంతే" అన్నాడు మస్తాన్ గారు.

"అట్లా అంటే కథ ఏముంటది? సరే, ఆదివారం అభినందన సభ. మీ అమ్మాయి స్టేజీ మీద ఇవే నాలుగు ముక్కలు మాట్లాడుద్ది. అయిపోగానే సర్టిఫికెట్లు తీసుకెళ్లండి."

పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ కాలేజీ బీరువాలో ఉండేవి. అవి లేకపోతే మెడిసిన్ కౌన్సెలింగు లేదు. కౌన్సెలింగుకి వెళ్లకపోతే ర్యాంకు గోడకి తగిలించుకోవడానికే. ప్రసాద్ గారు ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. బెదిరింపులన్నీ మర్యాదగా చేసేవారు మా కాలేజీలో.

ఆ సాయంత్రం షమీమ్ వచ్చింది. "మేడం, మాట్లాడకపోతే సర్టిఫికెట్లు ఇవ్వరంట. మాట్లాడితే నాన్న తలెత్తుకోలేడు. ఏం చెయ్యను?" అంది. ఇన్నేళ్లుగా కథలు ఎట్లా చెప్పాలో పాఠాలు చెప్పినదాన్ని. నాకేమీ తోచలేదు. తోచలేదనే చెప్పాను. ఆ పిల్ల తల ఊపి వెళ్లిపోయింది.

సభ

సభకి జనం కిక్కిరిసి వచ్చారు. ముందు వరసల్లో తల్లిదండ్రులు, వెనక వచ్చే ఏడాది చేరబోయే పిల్లలు. వన్ టౌన్ నుంచి మస్తాన్ గారు, ఆయన భార్య, చిన్న కూతుళ్లు, ఆ బావమరిది, పక్క దుకాణాల వాళ్లు కూడా వచ్చారు. మస్తాన్ గారు మడత నలగని చొక్కా వేసుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు. వేదిక మీద ఛైర్మన్ గారు, ఇద్దరు ముఖ్య అతిథులు, దండలు.

ర్యాంకర్లు ఒక్కొక్కరే వచ్చి తమకు ఇచ్చిన 'నేను'ని అప్పజెప్పి వెళ్లారు. షమీమ్ వంతు వచ్చింది. చేతిలో కాగితం ఉంది. దాన్ని మైకు ముందు బల్ల మీద పెట్టి, దాని వంక చూడకుండా మొదలుపెట్టింది.

"అందరికీ నమస్కారమండీ. నా పేరు మస్తాన్. వన్ టౌన్‌లో పరుపులు కుడతాను."

హాల్లో గుసగుసలు. ఛైర్మన్ గారు పక్కాయన్ని ఏదో అడిగారు. షమీమ్ ఆగలేదు.

"మా అమ్మాయికి ర్యాంకు వచ్చిందని పిలిచారు. నన్ను మాట్లాడమని ఎవరూ అనలేదు, అందుకని మా అమ్మాయి నోటితో మాట్లాడుతున్నాను. నేను పెద్దగా చదువుకోలేదు. ఆడపిల్లకి చదువెందుకని నేను అన్నానంట, పాంప్లెట్‌లో వేశారు. ఎప్పుడన్నానో గుర్తు రావట్లేదండీ. పుస్తకాలు దూదిలో దాచానంట. దూదిలో గట్టిది ఏదన్నా ఉంటే పరుపు కుట్టలేమండీ, సూది విరుగుద్ది. ఛైర్మన్ గారు మా ఇంటికొచ్చి నాకు నచ్చజెప్పారంట. ఆ రోజు నేను ఊళ్లో లేనేమో. ఉంటే కొత్త పరుపు వేసి కూర్చోబెట్టేవాణ్ణి."

వెనక వరసల్లో నవ్వులు మొదలై ముందుకి వచ్చాయి. ఛైర్మన్ గారు తన పేరు వినపడింది గనక తనూ నవ్వారు. వేదిక పక్కన నిలబడ్డ ప్రసాద్ గారు మైకు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయారు. ఏమని ఆపాలి? ఆ పిల్ల ఎవర్నీ తిట్టడం లేదు. మాట్లాడనని అనడం లేదు. వాళ్లు అడిగిన కథే చెబుతోంది, ఇంకొకరి నోటితో.

"రోజూ పొద్దున్నే మా అమ్మాయిని బండి మీద తెచ్చి కాలేజీ గేటు దగ్గర దించేవాణ్ణి. అది లోపలికెళ్లి మలుపు తిరిగేదాకా చూసేవాణ్ణి. ఈ పిల్ల డాక్టరై ఎప్పటికన్నా ఇదే గేటు ముందు కారు దిగుద్ది అనుకునేవాణ్ణి. ఇంకొక్క మాట అండీ. మా అమ్మాయి సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్నాయి. కౌన్సెలింగుకి కావాలి. రేపు పొద్దున్నే వస్తాను. ఛైర్మన్ గారిది పెద్ద మనసు, ఇప్పిస్తారని నమ్ముతున్నాను. సెలవండీ."

చప్పట్లు కొట్టిన తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లల సర్టిఫికెట్లు అదే బీరువాలో ఉన్నాయి. ఆ చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఛైర్మన్ గారు మైకు అందుకుని, "తప్పకుండా ఇస్తామమ్మా, అందరివీ ఇస్తాం" అని ప్రకటించాల్సి వచ్చింది. నేను చీర కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. అంతకుముందు ఆ హాల్లో నాకు ఆవలింతలు తప్ప ఇంకేవీ రాలేదు.

సభ అయ్యాక నా ఉద్యోగం ఊడుతుందనుకున్నాను. ప్రసాద్ గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. "తండ్రి యాంగిల్ భలే పండింది మేడం. ఛైర్మన్ గారు కూడా మెచ్చుకున్నారు. వచ్చే ఏడాది ర్యాంకర్ల మాటలు ఎత్తేద్దాం, అన్నీ ఫాదర్ల మాటలే వేద్దాం."

"ఫాదర్లని అడిగి రాయనా?"

"వాళ్లనెందుకు కదిలించడం మేడం, మనమే చూసుకుందాం."

నేను రాయనన్నాను. ఆయనేమీ బాధపడలేదు, కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్‌తో రాయించారు. మరుసటి ఏడాది కరపత్రాల్లో తండ్రులందరూ తమ పిల్లల్ని గేటు దగ్గర దించి, మలుపు తిరిగేదాకా చూశారు. హాస్టల్లో ఉన్న పిల్లల తండ్రులు కూడా. మీరు ఈ ఉద్యోగంలో చేరితే ఎంత మంచి ఊహనైనా అచ్చు పోసే ప్రసాద్ గారు ఎక్కడో ఒకచోట మీకూ తగులుతాడు. వాడితో పోట్లాడి గెలవలేరు. రాయనని చెప్పి బయటికి రావచ్చు, అంతవరకూ మీ చేతిలో పని.

మర్నాడు

సభ జరిగిన మర్నాడు పొద్దున్నే మస్తాన్ గారు ఒక్కడే వచ్చాడు. ఆఫీసులో కిక్కురుమనకుండా సర్టిఫికెట్లు ఇచ్చేశారు. ఆ కవరు పట్టుకుని స్టాఫ్‌రూంకి వచ్చి, ఈసారి చెప్పకుండానే కూర్చున్నాడు.

"మా బావమరిది పొద్దున్నే ఇంటికొచ్చి టీ తాగి వెళ్లాడండీ. పాంప్లెట్ మాట ఎత్తలేదు. 'అమ్మాయి బాగా మాట్లాడింది' అన్నాడు, అంతే."

"మీకెట్లా అనిపించింది?" అన్నాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "బాగానే చెప్పింది గానీ, అందులో ఉంది కూడా నేను కాదు మేడం. ఈ పిల్ల డాక్టరవుద్ది, కారు దిగుద్ది అని నేనెప్పుడూ అనుకోలేదు. గేటు దగ్గర నేను చూసేది మీ వాచ్‌మెన్ వంక. అక్కడ బండి ఆపనిచ్చేవాడు కాదండీ ఆయన. వచ్చి అరిచేలోపు అది లోపలికి వెళ్లిపోతే చాలనుకునేవాణ్ణి. పిల్ల ముందు తిట్లు తింటే బాగుండదు గదా."

ఇన్నేళ్లు పిల్లలకి కుర్చీ ఎక్కడుంది, స్తంభం ఎక్కడుంది అని నేర్పిన నాకు ఆ వాచ్‌మెన్ ఎప్పుడూ కనపడలేదు. లెక్చరర్లకి అతను నమస్కారం పెట్టేవాడు.

"ఈ మాట షమీమ్‌కి చెప్పారా?"

"ఎందుకండీ? దాని కంటికి నేను అట్లా కనపడ్డాను. పోనీలే అనుకున్నాను."

లేచి దండం పెట్టి వెళ్లాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన గేటు బయట బండి ఎక్కి, స్టార్ట్ చేయకుండా, కవరులోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి చూసుకుంటున్నాడు. వాచ్‌మెన్ లేచి చేయి ఊపుతూ, బండి తియ్యమని కేకలేశాడు. మస్తాన్ గారు తల ఎత్తి అతని వంక చూశాడు. మళ్లీ కాగితాలు చూసుకున్నాడు. రెండోసారి అరిచినా కదల్లేదు. అన్నీ చూడటం అయ్యాక, కవరు చొక్కాలో పెట్టుకుని, గుండీలు పెట్టుకుని, అప్పుడు బండి తీశాడు. అంతసేపూ ఆయన మనసులో ఏమనుకున్నాడో నేను అడగలేదు, కాబట్టి రాయను.